వాన లెక్కతో కొండను కాపాడలేరు

తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడిన ప్రతిసారీ ఒకే మాట చెలామణీ అవుతుంది. వాన ఎక్కువ పడింది కాబట్టి కొండ విరిగిపడింది. వానను ఎవరూ ఆపలేరు. కనుక వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే రోడ్డు మూసెయ్యాలి, వెలిశాక జేసీబీలతో బండలు తీసేసి తెరవాలి, పడిన చోట గోడ కట్టాలి, పైన ఇనుప వల కప్పాలి. వాలులో గుంతలు తవ్వి మట్టిలో చెమ్మ కొలవడం, లోపల నీళ్లు ఎలా నడుస్తున్నాయో కంప్యూటర్‌లో లెక్క కట్టడం పరిశోధకుల ముచ్చట, యాత్రికుడి ప్రాణానికీ దానికీ సంబంధం లేదు. ట్యాక్సీ స్టాండు నుంచి టీవీ చర్చల దాకా ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ.

ఈ వాదంలో బలం లేదనడం అన్యాయం. రోడ్డు మూయడం వల్ల ప్రాణాలు నిలిచాయి. వానమాపకం చవకైనది, చదవడం సులువు, ఏళ్ల తరబడి చెడకుండా పనిచేస్తుంది. హాంకాంగ్ 1977 నుంచీ ప్రధానంగా వాన లెక్కల మీదే కొండచరియల హెచ్చరికలు ఇస్తోంది. అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాదు అన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా ఈ వాదం ఒక్కో మెట్టు దగ్గరా తప్పుతోంది. ఆ తప్పుల ఫలితం అనుభవించేది రోజూ వేలల్లో కొండెక్కి దిగే జనం.

1. వాన పడిన రోజు ఒకటి, బండ పడిన రోజు ఇంకొకటి

2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుమల, తిరుపతి మీద కుండపోతగా కురిసింది. కపిలతీర్థం దగ్గర కొండ మీది నీళ్లు గుడి ఆవరణలోకి విరుచుకుపడ్డాయి. ఊళ్లో వీధులు వంకలయ్యాయి. శ్రీవారిమెట్టు దారి ఎంతగా దెబ్బతిన్నదంటే, మళ్లీ భక్తులు ఆ మెట్లు ఎక్కింది 2022 మే నెలలోనే. ఘాట్ రోడ్లు మూశారు, తర్వాత తెరిచారు.

అందరికీ గుర్తుండిపోయిన ఆ పెద్ద బండ ఎప్పుడు పడింది? డిసెంబరు 1న తెల్లవారుజామున, కొండ ఎక్కే రెండో ఘాట్ రోడ్డు మీద. రోడ్డు చాలాచోట్ల ఛిద్రమైంది. ఆ వేళ పైకి వెళ్తున్న యాత్రికులు వెంట్రుకవాసిలో బయటపడ్డారు. టీటీడీ ఐఐటీ నిపుణులను పిలిపించి కొండను చూపించాల్సి వచ్చింది.

కుండపోతకూ ఆ బండకూ నడుమ పన్నెండు రోజులున్నాయి. ఆ నెలాఖరులోనూ వానలు పడ్డాయన్నది నిజమే. కానీ ఏ ఒక్క రోజో పడిన వానే అసలు కారణమైతే, కుండపోత కురిసిన 19నే కొండ పడాలి. నెలంతా దఫదఫాలుగా ఇంకిన నీళ్లు లోపల చేరి, పగుళ్లలో నిలిచి, మట్టిని నానబెట్టి ఉన్నప్పుడు, అంతకుముందు ఏమీ చెయ్యని వాన కూడా కొండను కూల్చగలదు. తిరుపతి జనానికి ఇది కొత్త సంగతేం కాదు. వాన వెలిసి రోజులు గడిచినా కపిలతీర్థంలో నీళ్లు దూకుతూనే ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడో ఆగి, మెల్లగా నడిచి వస్తున్నాయి. ఎక్కడ ఆగాయో, ఎంత ఆగాయో వానమాపకం చెప్పదు.

ఇంకో లోపం లెక్కలోనే ఉంది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుంది. ఆ గీతకు అటూ ఇటూ ఏకధాటిగా కురిసిన వాన రెండు రోజుల పద్దుల్లోకి చీలిపోయి, రెండు చోట్లా మామూలు వానలా కనబడుతుంది. పైగా హెచ్చరిక రంగు జిల్లాకంతా ఒకటే. సముద్ర తీరానికి దగ్గరలో ఉన్న సూళ్లూరుపేటకూ, ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్న తిరుమలకూ ఒకే ఆరెంజ్! ఆ రంగు చూసి ఘాట్ రోడ్డులో ఫలానా మలుపు గురించి నిర్ణయం తీసుకుంటున్నామని చెప్పుకోవడం జనాన్ని మభ్యపెట్టడమే.

2. ఒకే వాన, మూడు రకాల చేటు

అదే నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ ఊళ్లలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. రెండు రోజులకు, తిరుపతి పక్కనే రామచంద్రాపురం మండలంలో, విజయనగర కాలం నాటిదని చెప్పుకునే రాయలచెరువు కట్ట ఊటెక్కింది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఇంకో పది రోజులకు ఘాట్ రోడ్డు మీద బండ.

మూడింటికీ జనం చెప్పిన కారణం ఒకటే: వాన. కానీ మూడు చోట్లా నీళ్లు చేసిన పని వేరు. అన్నమయ్య దగ్గర వరద కట్ట మీదుగా పొర్లి పైనుంచి కోసేసింది. రాయలచెరువులో నీళ్లు కట్ట లోపలి నుంచి దారి చేసుకుని అవతలి వాలులో బయటపడ్డాయి. తిరుమలలో పగుళ్లలోకీ మట్టిపొరలోకీ దిగి లోపలి పట్టు సడలించాయి. మొదటిదానికి వరద లెక్క, గేట్ల పనితీరు కావాలి. మిగతా రెండింటికీ లోపల నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో, ఎటు నడుస్తున్నాయో తెలియాలి. కారణం పేరు ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అనుకోవడం ఈ వాదంలోని మొదటి తార్కిక లోపం.

రాయలచెరువు సంగతి మరీ బాధాకరం. కట్ట అవతలి వాలులో ఊట కంటికి కనబడేదాకా లోపలి నీటి గురించి ఎవరి దగ్గరా అంకె లేదు. మట్టికట్టలో నీటి రేఖ ఏ ఎత్తున నడుస్తుందో గీసి చూపే పద్ధతిని ఇంజనీరు కాసాగ్రాండె 1937లోనే వివరించాడు. కట్టలో నాలుగు గొట్టాలు దించితే ఆ రేఖ ఏ ఏటికి ఆ ఏడు పైకి జరుగుతోందో లేదో తెలిసిపోతుంది. కంటికి కనబడే ఊట హెచ్చరిక కాదు, హెచ్చరికల గడువు తీరిందని చెప్పే ఆనవాలు.

3. వంద మిల్లీమీటర్లంటే కొండకు ఎంత?

వాతావరణ శాఖ 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన అంటుంది, 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మైదానాలకూ కొండలకూ ఇవే గీతలు. కొండ వాలుకు ఈ గీతలతో పని లేదు. దానికి కావలసింది ఒక్కటే: తన మట్టిలో ఇంకా ఎంత చోటు ఖాళీగా ఉందన్నది.

వంద మిల్లీమీటర్ల వాన మొత్తం ఇంకిందనుకుందాం. మట్టి ఘనపరిమాణంలో 30 శాతం ఖాళీ ఉంటే ఆ నీళ్లు 33 సెంటీమీటర్ల లోతు మట్టిని నింపి ఆగిపోతాయి. ముందు వారమంతా జల్లులు పడి ఖాళీ 10 శాతానికి తగ్గితే, అవే నీళ్లు మీటరు లోతు మట్టిని పూర్తిగా నింపేస్తాయి. వానమాపకంలో రెండు రోజులూ ఒకే అంకె కనిపిస్తుంది. కొండలో మాత్రం మూడు రెట్ల తేడా. వేరుశనగ విత్తే చిత్తూరు రైతు టీవీలో చెప్పిన మిల్లీమీటర్లు విని విత్తనం వెయ్యడు. చేలోకి దిగి, పారతో మట్టి తిరగేసి, చెమ్మ ఎంత లోతుకు దిగిందో చూసి, పదును చాలిందనుకుంటేనే గొర్రు కడతాడు. ఒక కారు పంటకు ఆ రైతు తీసుకునే పాటి జాగ్రత్త కొండ విషయంలో అనవసరమని ఎలా అంటారు?

ఆ తేడా ప్రాణాంతకం ఎలా అవుతుందో కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు. కిందిది ఫలానా మలుపు దగ్గరి కొలత కాదు, లెక్కకు తీసుకున్న ఉదాహరణ. వాలు 35 డిగ్రీలు, రాతి మీద రెండు మీటర్ల మందాన మట్టి, ఘర్షణ కోణం 32 డిగ్రీలు, మట్టి రేణువుల బంధన బలం 5 కిలోపాస్కల్స్, ఘనపు మీటరు మట్టి బరువు 19 కిలోన్యూటన్లు. అడుగున నీళ్లు లేనప్పుడు ఈ వాలు భద్రతాంకం (మట్టిని నిలబెట్టే బలానికీ జార్చే బలానికీ నిష్పత్తి) సుమారు 1.17, అంటే నిలబడుతుంది. రాతి మీద 75 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు చేరగానే అది 1కి దిగుతుంది. ఇక జారడానికి సిద్ధం. మట్టి పైదాకా నిండితే 0.71. అంటే ఆ వాలు తలరాత తేలేది ముప్పావు మీటరు నీళ్ల దగ్గర. ఆ ముప్పావు మీటరు పైన కంటికి కనబడదు, ఏ వాతావరణ కేంద్రం బులెటిన్‌లోనూ ఉండదు. అక్కడ గొట్టం దించి చూసినవాళ్లకే తెలుస్తుంది.

4. 'రాతి కొండకు మట్టి లెక్కలెందుకు?'

చదువుకున్నవాళ్లు ఎక్కువగా వేసే ప్రశ్న ఇది. తిరుమలది హిమాలయాల్లా వదులు కొండ కాదు, గట్టి క్వార్ట్‌జైట్ అంటారు. రాయి గట్టిదే. ఘాట్ రోడ్డు పక్కన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోట నిలబడితే అడుగున పురాతన గ్రానైటు, దాని నెత్తిన క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. రెంటి వయసులకూ మధ్య కోట్ల సంవత్సరాల ఎడం. కానీ ఘాట్ రోడ్డు మీదికి వచ్చి పడేది అఖండ శిల కాదు. నిలువునా అడ్డంగా పగుళ్లు పారి, చెట్ల వేళ్లు దూరి, విడివడిన బండలవి. వాటి సందుల్లోనూ, వాటి కిందా, వాలు పాదాల దగ్గరా మట్టి, గులక కలిసిన పోగులు ఉన్నాయి. రాయి గట్టిదయ్యేకొద్దీ నీళ్లకు దాని ఒంట్లో చోటు ఉండదు, వచ్చిన నీళ్లన్నీ పగుళ్లలోనే చేరతాయి.

పది మీటర్ల లోతు పగులు నీళ్లతో నిండితే అడుగున ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు పది టన్నులు. పగులు పొడవునా ప్రతి మీటరుకూ బండను బయటికి నెట్టే బలం సుమారు 50 టన్నులు. పగులు సగమే నిండితే ఆ బలం సగం కాదు, నాలుగో వంతు. కాబట్టి 'పగుళ్లలో నీళ్లున్నాయి' అంటే చాలదు, ఏ మట్టం దాకా అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కూస్ బే దగ్గర పరిశోధకులు ఒక చిన్న లోయ వాలును 1990ల మొదట్లో పరికరాలతో నింపి, కృత్రిమంగా వాన కురిపించి చూశారు. మట్టిలో దిగిన నీళ్లు రాతి పగుళ్లలోకి వెళ్లి, కొంత దిగువన మళ్లీ మట్టిలోకి ఉబికి, కొన్ని చోట్ల మాత్రమే ఒత్తిడిని పెంచుతున్నాయని తేలింది. 1996 నవంబరు తుపానులో ఆ వాలే కూలింది. రాతి కొండలో మట్టి నీళ్లు, రాతి నీళ్లు వేరువేరు ఖాతాలు కావని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. నగ్నంగా ఉన్న రాతి ముఖం మీద మట్టి చెమ్మ కొలిచే పరికరం దండగే. అక్కడ రాతిలో రంధ్రం వేసి, లోపలి నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటర్ దించాలి, పగులు ఎంత విచ్చుకుంటోందో చూసే కొలత పెట్టాలి. అంటే పరికరం మారుతుంది, కొలవాల్సిన అవసరం మారదు. రాతి కొండలు క్షేమమనుకునేవాళ్లు విజయవాడ వైపు ఒకసారి చూడాలి. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద చరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు.

5. గోడ

గోడ మట్టిని ఆపుతుంది. వెనక చేరిన నీటిని ఆపబోతే అదే కూలుతుంది. అందుకే గోడకు నీటి రంధ్రాలు పెడతారు. అవి మట్టి, ఆకులు పట్టి పూడిపోయాక అదే గోడ చిన్న ఆనకట్ట అవుతుంది. రాతి ముఖం మీద సిమెంటు చల్లి మూసేస్తే నీళ్లు బయటికొచ్చే దారి కూడా మూసినట్టే. ఇనుప వల చిన్న రాళ్లను పడుతుంది, ఇంటంత బండను పట్టదు. ఇవేవీ వద్దని కాదు. ఏ గోడ వెనక ఎంత నీరు చేరుతుందో, ఏ ఎత్తులో కాలువ గొట్టం దించితే అది బయటికి పోతుందో తెలియకుండా కట్టడం తప్పు. ఒకచోట బండ పడింది కాబట్టి అక్కడే గోడ కట్టడమంటే, కొండ మళ్లీ అక్కడే పడుతుందని నమ్మడం.

6. 'కంప్యూటర్ లెక్కలను నమ్మలేం'

నిజమే, కొలతలు లేని లెక్కను నమ్మకూడదు. నీళ్లు మట్టిలో నడిచే తీరుకు సూత్రం కొత్తది కాదు. 1856లో డార్సీ చెప్పాడు, 1931లో రిచర్డ్స్ దాన్ని సగం తడిసిన మట్టికి విస్తరించాడు. చిక్కు సూత్రంలో లేదు, దానిలోకి వేసే అంకెల్లో ఉంది. మట్టి ఎంత వేగంగా నీటిని వదులుతుందన్న ఒక్క గుణమే ఒకే వాలులో పది రెట్లు, వంద రెట్లు మారుతుంది. పుస్తకంలోంచో, ప్రయోగశాలలో గుప్పెడు మట్టితోనో ఆ అంకె తెచ్చి వేస్తే రంగురంగుల పటం వస్తుంది కానీ కొండ సంగతి రాదు. ఈ కంప్యూటర్ లెక్కను, అంటే మోడల్‌ను, శంకించేవాళ్లు ఇక్కడిదాకా చెప్పింది సరైనదే. అయితే ఈ లోపానికి విరుగుడే వాలులోనే తీసే కొలత. అదే వద్దంటే ఎలా?

ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. వాలులో ఒక గుంత తవ్వుతారు. దాని ఎగువ గోడలోకి 30 సెంటీమీటర్లు, 60, మీటరు, రాయి తగిలే లోతు, ఇలా ఒక్కోచోట ఉక్కు పుల్లలున్న సెన్సరును అడ్డంగా గుచ్చి, తీసిన మట్టిని అదే వరసలో పూడ్చి, మొదట ఉన్నంత గట్టిగా దిమ్మిస్తారు. వదులుగా పూడిస్తే నీళ్లు ఆ గుంతలోంచే జారిపోయి కొలత అబద్ధమవుతుంది. సెన్సరు చూసేది మట్టి విద్యుత్ గుణాన్ని. నీటికి ఆ విలువ 80 దాకా, గాలికి 1, పొడి మట్టి ఖనిజాలకు నాలుగైదు. అందుకే కాస్త నీరు చేరినా అంకె లేస్తుంది. గులక ఎక్కువున్న శేషాచలం మట్టికి తయారీదారు ఇచ్చిన పట్టిక చాలదు, అక్కడి మట్టితోనే సరిచూసుకోవాలి. పక్కనే టెన్షియోమీటర్: గొట్టం కొనకు సన్న రంధ్రాల పింగాణీ కప్పు, లోపల నీళ్లు, పైన ముల్లు. పొడి మట్టి ఆ నీటిని లాగేకొద్దీ ముల్లు లేస్తుంది. వాన ఇంకేకొద్దీ దిగుతుంది. అది సున్నాకు వచ్చిందంటే మట్టి రేణువులను కలిపి పట్టిన ఆ లాగుడు పోయినట్టే. నిటారు వాలులు ఎండాకాలంలో నిలబడేది చాలావరకు దాని బలంతోనే.

ఇప్పుడు మోడల్ పని మొదలవుతుంది. 60 సెంటీమీటర్ల దగ్గర చెమ్మ సాయంత్రానికి పెరగాలని మోడల్ అంటుంది, సెన్సరు నడిరాత్రి పెరిగిందంటుంది. అప్పుడు మారాల్సింది మోడల్‌లోని అంకె. ఒక వానకు దిద్దిన అంకెతో తర్వాతి వానకు చెమ్మ ఎలా ఉంటుందో ముందే చెప్పించి, మళ్లీ సెన్సరుతో పోల్చాలి. రెండు మూడు ఈశాన్య రుతుపవనాలు ఈ దిద్దుబాటు సాగితే, రేపు ఇంత వాన పడితే ఏ మలుపులో ముప్పావు మీటరు నీళ్లు చేరతాయో చెప్పే సత్తా వస్తుంది. ఆ మాట చెప్పడం వానమాపకానికి ఎన్నేళ్లయినా చేతకాదు.

7. హాంకాంగ్, ఖర్చు

హాంకాంగ్ వాన లెక్క పనిచేయడానికి వెనక వేల కొండచరియల చిట్టా ఉంది, ఊరంతా పరుచుకున్న వానమాపకాలున్నాయి. తిరుమల గురించి అలాంటి చిట్టా ఎవరు పెట్టారు? పైగా హాంకాంగ్ వాన లెక్కతో ఆగిపోలేదు. 1972 జూన్ 18న పోషాన్ రోడ్డు దగ్గర కొండ కూలి 67 మంది పోయాక, ఆ కొండలో భూగర్భజలాన్ని కొలుస్తూ, దాన్ని దింపడానికి తర్వాత ఏకంగా సొరంగాలే తవ్వారు. హాంకాంగ్ పేరు చెప్పేవాళ్లు ఈ సగం ఎందుకు దాటేస్తారు?

ఖర్చు మాట ఎత్తడం మరీ విడ్డూరం. టీటీడీ వార్షిక బడ్జెట్ ఐదు వేల కోట్లు దాటింది. కేరళలోని మున్నార్‌లో అమృత విశ్వవిద్యాపీఠం 2009 నాటికే వాలులో చెమ్మ, పీజోమీటర్ సెన్సర్ల వ్యవస్థ పెట్టి హెచ్చరిక ఇవ్వగలిగింది. మండి ఐఐటీ హిమాచల్ రోడ్ల పక్కన తక్కువ ధర పరికరాలు నిలబెట్టింది. అడవి పందులు తీగలు తెంపుతాయి, పిడుగులు అంకెలు నమోదు చేసే లాగర్లను కాలుస్తాయి, అటవీ అనుమతులు కావాలి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, అయితే ఇవి నిర్వహణకు సంబంధించినవి. ఇబ్బంది ఉందని చెప్పి పనే మానుకోవడాన్ని పొదుపు అనరు.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. రెండు ఘాట్ రోడ్లలో, రెండు మెట్ల దారుల్లో బండలు పడుతూ వచ్చిన చోట్లను గుర్తించి, మట్టి ఉన్న వాలులో చెమ్మ సెన్సర్లు, టెన్షియోమీటర్లు, రాతి ముఖాల్లో పీజోమీటర్లు దించాలి. పావుగంటకోసారి అంకె నమోదు కావాలి. అందుకు మనుషులు ఢిల్లీ నుంచి రానక్కర్లేదు. ఎస్వీ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఊళ్లోనే వ్యవసాయ కళాశాల ఉంది, వాన మేఘాలను చూడటానికి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. పడిన ప్రతి బండకూ తేదీ, వేళ, చోటు, పరిమాణంతో చిట్టా పెట్టాలి. కొలతలన్నీ ఎవరైనా చూడగలిగేలా బయటపెట్టాలి, మూసి ఉంచిన లెక్కను దిద్దేవాళ్లు ఉండరు. మోడల్ తన మాట నిలబెట్టుకునేదాకా వాన లెక్కతో రోడ్డు మూసే పద్ధతిని కొనసాగించాలి, ఆ తర్వాత మూసే తెరిచే నిర్ణయం మలుపుల వారీగా లోపలి నీటి మట్టం మీద జరగాలి. రాయలచెరువు కట్టలోనూ పీజోమీటర్లు దించి, చెరువు నిండి మొరవ పోయిన ప్రతి ఏడూ నీటి రేఖ ఎక్కడ నడిచిందో రాసి పెట్టాలి. గుంతలు తవ్వి సెన్సర్లు బిగించడం సెప్టెంబరులోపే పూర్తి కావాలి, పూడ్చిన మట్టి కుదురుకోవడానికి ఈశాన్య రుతుపవనం ముందు కొన్ని వారాలు కావాలి కాబట్టి.